గాజుపలక మీద పాఠం చెప్పేదెవరు?

కోట్లు పోస్తే మెడికల్ కాలేజీ భవనం లేస్తుంది. యంత్రాలూ వస్తాయి. మరి మైక్రోస్కోపులో ఏం చూడాలో విద్యార్థికి చూపించే గురువు? ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల... ఈ మూడూళ్ల ఆరోగ్యం చివరికి ఆ ప్రశ్న దగ్గరే ఆగుతుంది!

ప్రొద్దుటూరు బంగారు అంగళ్లకు పెట్టింది పేరు. పాత నగ చేతికిస్తే గీటురాయి మీద ఒక్క గీత గీసి, దాని మీద యాసిడ్ చుక్క వేసి, రంగు చూసి మేలిమి ఎంతో చెప్పేస్తారు అనుభవజ్ఞులు. పుస్తకం చదివితే ఆ చూపు రాదు. తెలిసిన పెద్దాయన పక్కన ఏళ్ల తరబడి కూర్చుంటేనే వస్తుంది. వైద్యంలోనూ అచ్చం ఇలాంటి విద్య ఒకటుంది. అదే పాథాలజీ. ఒంట్లో జబ్బు ఎలా పుట్టింది, ఎక్కడ పాకింది, ఏ కణాన్ని ఎలా మార్చింది అని చెప్పే శాస్త్రం. బంగారం విషయంలో చూపు తప్పితే పోయేది డబ్బు. ఇక్కడ తప్పితే పోయేది ప్రాణం.

పేరు తెలియని డాక్టరు

జమ్మలమడుగు దగ్గరి పల్లెలో ఓ రైతుకు నోట్లో పుండు మానడం లేదనుకుందాం. సర్జన్ చిన్న ముక్క కోసి పరీక్షకు పంపుతాడు. ఆ ముక్కను ఫార్మలిన్‌లో వేసి, మైనంలో బిగించి, మిల్లీమీటరులో వెయ్యో వంతులు నాలుగైదు మందం ఉండేలా పొరలు తీస్తారు. గాజుపలక మీద పరిచి రంగులద్దుతారు. కణాల కేంద్రకాలు నీలంగా, మిగతాది గులాబీగా కనిపిస్తుంది. దాన్ని చూసి పాథాలజిస్టు రాసే ఒక్క వాక్యం మీదే దవడ తీసేయాలా, మందుతో సరిపెట్టాలా అన్నది తేలుతుంది. ఆ వాక్యం రాసిన డాక్టరు ఎవరో రైతుకు ఎప్పటికీ తెలియదు.

మెడికల్ కాలేజీలో ఆ డాక్టరే పంతులు కూడా. ఎంబీబీఎస్ రెండో ఏడాది పిల్లలకు పాథాలజీ చెప్పాలి. వాళ్లలో నూటికి తొంభై మంది పాథాలజిస్టులు కారు. పల్లెల్లో, పట్నాల్లో మామూలు డాక్టర్లవుతారు. కానీ రక్తహీనత ఎన్ని రకాలో, గడ్డ ఎప్పుడు అనుమానించాలో వాళ్లు నేర్చుకునేది ఈ తరగతిలోనే. కోసిన ముక్కను ఫార్మలిన్‌లో కాకుండా ఉప్పునీళ్లలో వేసి పంపితే కుళ్లిపోయి పరీక్ష పాడవుతుందన్న చిన్న సంగతి కూడా ఇక్కడే తెలియాలి. గురువు సరిగా చెప్పకపోతే ఆ నష్టం ముప్పై నలభై ఏళ్లు ఊళ్ల మీద పడుతూనే ఉంటుంది.

మంచి పాథాలజీ గురువు ఎలా ఉంటారు? పిల్లలు స్లైడు చూడగానే పేరు చెప్పేయరు. ముందు తక్కువ శక్తి కటకంతో మొత్తం చూడమంటారు. ‘మామూలు కణజాలానికీ దీనికీ తేడా ఏంటి?’ అని అడుగుతారు. ఆ తర్వాతే దగ్గరికి వెళ్లనిస్తారు. కనిపించిన మార్పును రోగి చెప్పిన బాధతో ముడిపెట్టిస్తారు. అనుమానం ఉంటే ‘నాకూ తేలడం లేదు, ఇంకొకరికి చూపిద్దాం’ అని పిల్లల ముందే ఒప్పుకుంటారు. అదీ పాఠమే!

విశాఖ చెప్పిన పాఠం

గురువు అడిగిన ప్రశ్న ఎంత దూరం పోతుందో చెప్పడానికి మన దగ్గరే గొప్ప ఉదాహరణ ఉంది. 1923లో మొదలైన విశాఖపట్నం ఆంధ్రా మెడికల్ కాలేజీకి అంగిట్లో క్యాన్సర్‌తో వచ్చేవాళ్లు ఎక్కువగా ఉండేవారు. మిగతా ప్రాంతాల్లో ఆ చోట క్యాన్సర్ అరుదు. ఇక్కడే ఎందుకు? ఉత్తర కోస్తా పల్లెల్లో, ముఖ్యంగా ఆడవాళ్లలో, చుట్ట నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉండేది. ఈ రెంటికీ ఉన్న సంబంధాన్ని డి.జి.రెడ్డి, వి.కె.రావు 1957లోనే ఓ వైద్య పత్రికలో రాశారు. ఆ తర్వాత ఇదే విషయం మీద సి.ఆర్.ఆర్.ఎం.రెడ్డి పరిశోధించారు. 1971లో డెన్మార్క్ నిపుణుడు పిండ్‌బోర్గ్, భారతీయ పరిశోధకులతో కలిసి 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి వివరాలు ప్రచురించారు. నోటి క్యాన్సర్ గురించి ప్రపంచంలో ఎక్కడ చదువుకునేవారికైనా ఈ అలవాటు ప్రస్తావన ఎదురవుతుంది. బయాప్సీ ముక్కకు పేరు రాసి ఊరుకోకుండా, అది ఏ ఊరి నుంచి వచ్చిందని అడగడం వల్ల బయటపడ్డ నిజం ఇది.

కడప జిల్లాలోనూ అలా అడగాల్సిన ప్రశ్నలున్నాయి. పులివెందుల ప్రాంతంలో రాతినార గనులుండేవి. 1986లో కేంద్రం కొత్త లీజులు ఆపేసింది. కానీ ఆ దుమ్ము పీల్చినవారిలో జబ్బు ఇరవై, నలభై ఏళ్ల తర్వాతైనా బయటపడొచ్చు. ఊపిరితిత్తుల్లో చిక్కుకున్న పోగు చుట్టూ ఇనుము పేరుకుని, మైక్రోస్కోపు కింద డంబెల్ ఆకారంలో కనిపిస్తుంది. పెద్ద నగరంలో చదివే విద్యార్థికి అది పుస్తకంలో బొమ్మ. ఇక్కడి విద్యార్థికి పక్కింటి తాత పనిచేసిన చోటు!

ఎవరిని గుర్తిస్తున్నాం?

చిక్కంతా ఇక్కడే ఉంది. మెడికల్ కాలేజీల్లో పదోన్నతికి చాలాకాలం లెక్కకొచ్చినవి రెండే. ఎన్నేళ్లు పనిచేశారు, ఎన్ని పరిశోధన పత్రాలు వేశారు? పాఠం ఎలా చెబుతున్నారన్నది ఎవరూ తూకం వేయలేదు. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. బోధననూ పరిశోధనతో సమానమైన పాండిత్యంగా చూడాలని 1990లో అమెరికాలో ఎర్నెస్ట్ బోయర్ గట్టిగా వాదించాల్సి వచ్చింది.

మన దేశంలోనూ ప్రయత్నాలు లేకపోలేదు. పుదుచ్చేరి జిప్మర్‌లో వైద్య అధ్యాపకులకు శిక్షణ ఇచ్చే జాతీయ కేంద్రం 1975లోనే వచ్చింది. 2009 నుంచి భారత వైద్య మండలి ప్రాంతీయ కేంద్రాల ద్వారా బోధన పద్ధతుల మీద కోర్సులు మొదలుపెట్టింది. జాతీయ వైద్య కమిషన్ 2022 నిబంధనలతో పదోన్నతికి ఆ కోర్సు అవసరమైంది. బి.సి.రాయ్ అవార్డుల్లో ఉత్తమ వైద్య అధ్యాపకుల విభాగమూ ఉండేది. అయితే కొద్ది రోజుల కోర్సుతో గొప్ప గురువు తయారవడు. సర్టిఫికెట్ చూసి గొప్ప గురువును పట్టుకోలేం కూడా.

మరెలా? నిపుణులు చెప్పే దారులు తేలికైనవే. తోటి అధ్యాపకుడు ఏడాదికి రెండు మూడుసార్లు తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని చూడాలి. విద్యార్థులు ఆ ఏడాది ఇచ్చే మార్కులతో పాటు, హౌస్ సర్జన్లయ్యాక ఏమంటున్నారో అడగాలి. తయారుచేసిన స్లైడ్లు, ప్రశ్నలు, పాఠాలు అన్నీ ఓ ఫైలుగా పెట్టి పదోన్నతిలో లెక్కించాలి. బాగా చెప్పేవారి పక్కన కొత్తవారిని రెండేళ్లయినా కూర్చోబెట్టాలి.

మూడూళ్ల లెక్క

పులివెందులలో కొత్త మెడికల్ కాలేజీ భవనాలు కట్టారు. 2024లో జాతీయ వైద్య కమిషన్ 50 సీట్లకు అనుమతిచ్చింది. వసతులు చాలవంటూ రాష్ట్ర ప్రభుత్వం వద్దనడంతో అవి వెనక్కి పోయాయి. 2025లో ఆ కాలేజీని ప్రైవేటు భాగస్వామ్యంతో నడపాలని ప్రభుత్వం నిర్ణయించింది. దీనిమీద రాజకీయ వాదన పెద్దదే. వాదనలో ఎవరు గెలిచినా, కాలేజీని ఎవరు నడిపినా, తరగతిలో నిలబడి చెప్పే మనిషి కావాల్సిందే!

ఆ మనుషులు దొరకడం తేలిక కాదు. రోగిని నేరుగా చూడని విభాగాల్లో పీజీ సీట్లు మిగిలిపోవడం మామూలైంది. 2023లో నీట్ పీజీ అర్హతను సున్నా పర్సంటైల్‌కు దించినా కథ మారలేదు. మరోవైపు 2025 నిబంధనల ప్రకారం, 220 పడకలు దాటిన ప్రభుత్వాసుపత్రుల్లో పీజీతో రెండేళ్లు పనిచేసినవారు అసిస్టెంట్ ప్రొఫెసర్లు, పదేళ్లు పనిచేసినవారు అసోసియేట్ ప్రొఫెసర్లు కావచ్చు. అనుభవం ఉన్న చేతులు తరగతికి రావడం మంచిదే. కానీ రోజుకు వంద రిపోర్టులు రాసిన చేయి పాఠం చెప్పగలదన్న హామీ ఏముంది? వాళ్లకు బోధన నేర్పాలి. నేర్పేవాళ్లు దగ్గర్లో ఉండాలి.

వనరులు లేవా అంటే, ఉన్నాయి. కడపలో 2006 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ నడుస్తోంది. జమ్మలమడుగులో లండన్ మిషన్ వాళ్లు పంతొమ్మిదో శతాబ్దం చివర్లో మొదలుపెట్టిన వైద్యసేవ క్యాంబెల్ ఆసుపత్రిగా పేరు తెచ్చుకుంది. ప్రొద్దుటూరులో జిల్లా ఆసుపత్రి ఉంది, 2008లో వచ్చిన పశువైద్య కళాశాల ఉంది. చచ్చిపోయిన గొర్రెను కోసి కారణం వెతికే పశువైద్యుడిదీ, మనిషి గడ్డను చూసే డాక్టరుదీ ఒకటే శాస్త్రం. ఆంత్రాక్స్, రేబిస్ లాంటివి రెండు వైపులా వచ్చేవే. ఇప్పుడు స్లైడును స్కాన్ చేసి తెర మీద చూసే వీలుంది. కడపలో ప్రొఫెసర్ చూపిస్తుంటే పులివెందులలో పిల్లలు, ప్రొద్దుటూరులో ల్యాబ్ టెక్నీషియన్లు ఒకేసారి నేర్చుకోవచ్చు. నెలకోసారి ఒక కష్టమైన కేసు మీద మూడూళ్ల డాక్టర్లు కూర్చుని చర్చించడానికి భవనం కూడా అక్కర్లేదు.

ప్రపంచమంతా చదివే రాబిన్స్ పాథాలజీ పుస్తకానికి స్టాన్లీ రాబిన్స్ తర్వాత ముఖ్య రచయితల్లో ఒకరైన వినయ్ కుమార్, ఢిల్లీ ఎయిమ్స్‌లో చదువుకుని అమెరికా వెళ్లినవారే. అలాంటి గురువులు పుట్టే నేల మనదీ. కావాల్సిందల్లా వాళ్లను చిన్నప్పుడే పట్టుకోవడం. మీ ఊరి కాలేజీలో ఏ ట్యూటరు చుట్టూ గంట కొట్టాక కూడా పిల్లలు మూగి ఉంటారో, ఆ మనిషి ఎవరో ప్రిన్సిపల్‌కు తెలుసా? ఇంటి పిల్లాడిని మెడిసిన్‌లో చేర్చేటప్పుడు సీటు ఫీజుతో పాటు అమ్మానాన్నలు అడగాల్సిన ప్రశ్న ఇది.