టీవీలో మోగిన సైరన్

పిల్లలూ, 2025 మే నెలలో ఒక రాత్రి షార్జాలో మా ఇంట్లో జరిగిన సంగతి చెప్తాను. టీవీలో తెలుగు వార్తలు పెట్టుకుని నేను వంటింట్లో చపాతీలు కాలుస్తున్నాను. ఉన్నట్టుండి పెద్దగా సైరన్ మోగింది. మా చిన్నది పరుగెత్తుకెళ్ళి బాల్కనీ తలుపు వేసేసింది. తీరా చూస్తే బయట ఏమీ లేదు, ఆ మోత టీవీలోది! కాసేపటికి కర్నూలు నుంచి మా అమ్మ ఫోన్. "ఏమే, సైరన్ మన వీధిలోనో టీవీలోనో తెలీక బయటికెళ్ళి చూసొచ్చాను" అంది.

అప్పుడు ఏం జరుగుతోందంటే, ఏప్రిల్ 22న కశ్మీర్‌లోని పహల్గాంలో ఉగ్రవాదులు 26 మందిని చంపారు. మే 7న భారత్ 'ఆపరేషన్ సిందూర్' పేరుతో పాకిస్తాన్‌లోని స్థావరాల మీద దాడి చేసింది. మే 10 సాయంత్రం కాల్పులు ఆగాయి. అంటే మొత్తం నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులూ టీవీలు మాత్రం క్షణం ఆగలేదు.

సైరన్ అంటే "విమానాలు వస్తున్నాయి, లోపలికి వెళ్ళండి" అని చెప్పే మోత. దాన్ని ఛానళ్ళు వార్తల వెనక సంగీతంలా వాడేశాయి. మే 10న భారత ప్రభుత్వ పౌర రక్షణ విభాగం "ప్రజలకు అవగాహన కల్పించడానికి తప్ప ఆ మోత వాడకండి" అని మీడియాను కోరింది. ఎందుకు? మీకు 'నాన్నా పులి' కథ తెలుసు కదా. రోజూ ఉత్తుత్తి సైరన్ వింటే, నిజంగా మోగిన రోజున ఎవరూ లేవరు. ఇందులో ప్రభుత్వానిదే సబబు అంటాను. మా చిన్నదాన్ని అడిగితే తనూ అదే అంటుంది.

ఇంకో ఫిర్యాదు లైవ్ మీద. లైవ్ అంటే ప్రత్యక్ష ప్రసారం, జరుగుతున్నది జరుగుతున్నట్టే చూపించడం. సైన్యం ఎటు వెళ్తోందో లైవ్‌లో చూపించొద్దని ఏప్రిల్ 26న సమాచార ప్రసార శాఖ, మే 9న రక్షణ శాఖ చెప్పాయి. గతంలో కార్గిల్ యుద్ధం, కాందహార్ విమానం హైజాక్, ముంబై దాడుల సమయంలో విచ్చలవిడి ప్రసారాల వల్ల దేశానికి నష్టం జరిగిందని గుర్తు చేశాయి. 2008 నవంబర్‌లో ముంబైలో కమాండోలు ఏం చేస్తున్నారో టీవీలు చూపిస్తూనే ఉన్నాయి. దాడి చేసినవాళ్ళకు ఫోన్‌లో సలహాలిచ్చేవాళ్ళు పాకిస్తాన్‌లో కూర్చుని అవే టీవీలు చూశారు. 2012లో సుప్రీంకోర్టు కూడా ఛానళ్ళను గట్టిగా తప్పుపట్టింది. మనకో సామెత ఉంది: ఇంటి గుట్టు లంకకు చేటు. రావణుడి రహస్యాలు విభీషణుడికి తెలుసు, అతను రాముడి వైపు వెళ్ళిపోయాడు, లంకకు చేటు వచ్చింది. 'చేటు' అంటే కీడు. (బియ్యం చెరిగేది 'చేట', కలిపెయ్యకండి!)

కానీ ఈ సామెతతో ఒక చిక్కుంది. ఇంటి పెద్ద తన పొరపాటు దాచుకోవడానికి కూడా ఇదే సామెత చెప్పొచ్చు.

మే 9న 'ద వైర్' అనే వార్తా వెబ్‌సైట్ భారత్‌లో తెరుచుకోలేదు, ప్రభుత్వం ఆపించింది. భారత్ యుద్ధ విమానం ఒకటి కూలిందని ఫ్రాన్స్ అధికారి ఒకరు అన్నట్టు సీఎన్ఎన్ చెప్పింది, ఆ సంగతి వాళ్ళు రాశారు. ఆ కథనం తీసేశాక సైట్ మళ్ళీ వచ్చింది. మే 31న సింగపూర్‌లో మన త్రిదళాధిపతి, అంటే సైన్యం, నౌకాదళం, వైమానిక దళం మూడింటికీ సంబంధించిన పెద్ద అధికారి, జనరల్ అనిల్ చౌహాన్ విమానాలు కోల్పోయిన మాట నిజమేనని ఒప్పుకున్నారు. ఎన్ని అన్నది చెప్పలేదు. ఆరు కూల్చామన్న పాకిస్తాన్ మాట తప్పని మాత్రం అన్నారు. మరి మే 9న ఆ వార్త వల్ల శత్రువుకు కొత్తగా తెలిసిందేమిటి? విమానం కూలితే కూల్చినవాడికి తెలియదా! తెలియనిది మనకే.

అలాగని విలేకరులంతా నిజమే చెప్పారనీ కాదు. మే 8 రాత్రి కొన్ని ఛానళ్ళు కరాచీ రేవు ధ్వంసమైందని ఊదరగొట్టాయి. 'ఊదరగొట్టడం' అంటే చెప్పిందే చెప్పి ఊపిరాడకుండా చెయ్యడం. తెల్లారి చూస్తే రేవు రేవులాగే ఉంది. మా ఆయన అర్ధరాత్రి దాకా కూర్చుని చూశారు పాపం.

ఇక మనం ఉండే ఎమిరేట్స్‌లో ఈ నియమాలు విలేకరులకే కాదు, ఫోన్ ఉన్న ప్రతివాళ్ళకీ వర్తిస్తాయి. 2022 జనవరి 17న యెమెన్ హూతీలు అబుదాబి మీద దాడి చేశారు. ఇద్దరు భారతీయులు, ఒక పాకిస్తానీ చనిపోయారు. ఆ నెలలోనే, క్షిపణులను అడ్డుకుంటున్న వీడియోలు పంచుకున్న కొందరిని ఇక్కడి పబ్లిక్ ప్రాసిక్యూషన్ పిలిపించింది. కాబట్టి ఆకాశంలో ఏదైనా మెరిస్తే ముందు అమ్మకు చెప్పండి, ఫోన్ తర్వాత.

ఈ వారం పని: సైరన్, లైవ్, కూలిన విమానం. ఈ మూడింట్లో ప్రభుత్వం మాట మీకు ఎక్కడ సరైనది అనిపించింది, ఎక్కడ అనిపించలేదు? ఐదు వాక్యాలు తెలుగులో రాయండి. తర్వాత ఊరికి ఫోన్ చేసి, ఆ నాలుగు రోజులూ టీవీలో ఏం చూశారో తాతయ్యనో అమ్మమ్మనో అడగండి. వాళ్ళు చెప్పింది వాళ్ళ మాటల్లోనే, యాసతో సహా రాసుకురండి.