కుందుర్పి కూలితల్లులు, వారి పసిబిడ్డలు

కూలికి పోవు స్త్రీ తన బిడ్డను పగటివేళ ఎవరి యొద్ద విడిచిపోవుచున్నది? ఈ ప్రశ్న శాసనసభలలో అప్పుడప్పుడు వినవచ్చును గాని పల్లెలలో దీనిని ప్రశ్నగా నెవరును భావింపరు. అవ్వ యున్నది గదా యందురు. అక్క యున్నది గదా యందురు. అంతటితో మాట ముగియును. ఆ యవ్వకు కన్ను కనబడునా, ఆ యక్క వయస్సెంత, దాని చదువేమైనది అని యడుగువారు తక్కువ. కుందుర్పి ప్రాంతమును నిదర్శనముగా గైకొని ఈ విషయమును కొంచెము విచారింతము.

కుందుర్పి అనంతపురము జిల్లాకు నైరుతి కొసన, కర్ణాటక సరిహద్దు దాపున గల మండలము. పడమటి కనుమలు నైరుతి మేఘములను అడ్డగించును; ఈశాన్య ఋతుపవనము తీరమునుండి ఇంతదూరము వచ్చునప్పటికి వట్టిపోవును. జిల్లాలో సాలీనా సగటు వర్షము సుమారు 550 మిల్లీమీటర్లు. దేశమున ఇంతకంటె తక్కువ వాన యెచ్చట ననిన రాజస్థానమందలి జైసల్మేరును చూపుట వాడుక. ఎఱ్ఱనేలలో వేరుసెనగ విత్తి ఆకాశమువైపు చూచుటయే ఇచ్చటి వ్యవసాయము. జూన్, జూలై మాసములలో విత్తు, పిదప కలుపు, అక్టోబరు, నవంబరులలో చెట్టు పీకుట, కాయ విడదీయుట. ఇందు కలుపు పనియు కాయ పనియు చాలవఱకు ఆడుకూలీల చేతిమీదనే నడచును. వాన తప్పిన యేట ఆ పనియు నుండదు. మేస్త్రి వెంట బెంగుళూరు పోవుటయే గతి.

ఇట్టి సీమలో తల్లికి గల మార్గములు పైకి చూచిన పలువిధములుగా దోచును. చంటిబిడ్డయైనచో వెంట గొనిపోయి చేనిగట్టున వేపకో కానుగకో పాతచీరతో జోలి కట్టును. నీడ తిరిగినప్పుడెల్ల జోలియు తిరుగవలెను. చీమ యెక్కునేమో, తేలు వచ్చునేమో యని చెవి యటే యుండును. పాలిచ్చుటకు సాలు విడిచివచ్చిన ప్రతిసారియు తోడివారికంటె వెనుకబడును; వెనుకబడినదానిని మఱునాడు పిలుచుటకు మేస్త్రి సందేహించును. అందుచేత బిడ్డ చన్ను విడువకమునుపే అవ్వకప్పగించి, రాగి యంబలి పోయుమని చెప్పి పోవు తల్లులు కలరు. దీనిని పట్టణవాసులు అజ్ఞానమందురు. బిడ్డకు ఆరు మాసములవఱకు చనుబాలే చాలునని ఆ తల్లి యెఱుగకపోలేదు. చంటిబిడ్డతో వచ్చినచో కూలి దొరకదనియు నెఱుగును. తెలిసి చేసిన పనిని తెలియనితనమనుట న్యాయము గాదు.

అవ్వ యొక్కతెయే యింటికి మూలస్తంభమని మనము పొగడుదుము. కాని పేదయింటి యవ్వ మంచమున గూర్చుండి కథలు చెప్పు నవ్వ గాదు. కాలు చేయి యాడినంతకాలము ఆమెయు కూలికి పోవును. ఆడనప్పుడు పరుగిడు బిడ్డను పట్టజాలదు. వలస పోయిన యిండ్లలో ఒక్కొక యవ్వ చేతిలో మనుమలు ముగ్గురు నలుగురు నుందురు. వారికి వండిపెట్టుటకు ఆమెకు నీరు తెచ్చియిచ్చువారెవరు?

కావున బిడ్డ తుదకు అక్క చంకకు చేరును. మా యభిప్రాయమున ఈ విషయమంతటికిని ఇదియే కీలకము. ఎనిమిదేండ్లో తొమ్మిదేండ్లో గల యా పిల్ల మొదట కలుపు దినములలో బడి మానును. ఉపాధ్యాయుడు గద్దించును, మఱల పోవును. తరువాత కాయ పనిలో నెలదినములు మానును. లెక్కలు దాటిపోవును, తోటివారు నవ్వుదురు, పిమ్మట తానే పోనని యేడ్చును. పట్టికలో పేరు మాత్రము చాలకాలము నిలిచియుండును. 2009లో ఆరేండ్లు మొదలు పదునాలుగేండ్లవఱకు గల పిల్లలకు విద్య హక్కని చట్టము చేసిరి. బడిని కట్టిరి, అన్నమును పెట్టిరి. కాని ఆ పిల్ల చంకలోని తమ్ముని ఎవరెత్తుకొందురో ఆ చట్టము చెప్పలేదు. అదే యింట అన్న యున్నను వానిని బడి మానుమని యడుగువారుండరు. తల్లి లెక్క యిది: పొరుగింటామెను చూడుమన్నచో ఏదైన నీయవలెను, తాను మానుకొన్నచో దినకూలి పోవును, ఆడుపిల్ల మానినచో నేడు పోవునదేమియు లేదు. ఖర్చులేని యేర్పాటుగా దోచుచున్నదే మిక్కిలి ఖర్చు గలది. దాని బాకీ కొన్నియేండ్లకు వచ్చును. చదువు లేని పిల్లకు తొందరపడి పెండ్లి చేయుదురు. అనతికాలముననే ఆమెయు నొక చేనిగట్టున జోలి కట్టుచుండును.

అంగన్వాడీ యున్నది గదా యని పాఠకులు కొందఱు ప్రశ్నింపవచ్చును. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశమున ఆరంభమైన యీ వ్యవస్థ వలన పేదబిడ్డల నోటికి గ్రుడ్డును పాలును అందిన మాట వాస్తవము. దానిని తక్కువ చేయము. అయితే అచ్చట కూర్చుండబెట్టుకొనునది మూడేండ్లు నిండినవారిని. అంతకు చిన్నవారికి ఇంటికి బాలామృతము పొట్లము వచ్చును. బిడ్డ యెప్పటివలెనే అక్క చంకలో నుండును. వేళయు కుదురదు. కలుపుకు పోవునది ఎండ ముదురకమునుపు తెల్లవారుజామున పోవును; కేంద్రము తలుపు తొమ్మిదింటి ప్రాంతమున దెఱచును. ఆ నడిమి గంటలకు మఱల అక్కయే దిక్కు. కార్యకర్త నిందుకు నిందింపరాదు. ఆమెకు బిడ్డలతోపాటు వ్రాతపని, తూనిక, సర్వేలు నెన్నియో కలవు. 2023 డిసెంబరునుండి 2024 జనవరివఱకు ఆంధ్రప్రదేశమున అంగన్వాడీ స్త్రీలు 42 దినములు సమ్మె చేసిరి. అప్పటికి కార్యకర్త నెలభృతి 11,500 రూపాయలు. పరుల బిడ్డలను జూచునట్టి యా స్త్రీలలో తమ బిడ్డల నెవరికో యప్పగించి వచ్చువారును కలరు. కేంద్రప్రభుత్వమువారు 2022లో ‘పాల్నా’ యను పేర అంగన్వాడీలకు శిశుగృహములను జోడింప సంకల్పించి 17,000 లెక్కవేసిరి. దేశమున అంగన్వాడీలు సుమారు 14 లక్షలు. ఇక కుందుర్పివంటి చోటి వంతు ఎంతయో పాఠకులే యూహింపగలరు.

బెంగుళూరు పోయినవారి సంగతి వేఱు. బిడ్డను గ్రామమున విడిచిన అవ్వ చాలదు. వెంట గొనిపోయిన ఇసుకకుప్పలే యుయ్యాల. భవననిర్మాణ కార్మికులకై 1996లో చేసిన చట్టము 50 మందికి మించి స్త్రీలు పనిచేయుచోట ఆరేండ్లలోపు బిడ్డలకు గది యుండవలెనని విధించెను. 2020 నాటి వృత్తిభద్రతా స్మృతియు 50 మందికి మించిన పనివారుగల సంస్థల మాటయే చెప్పుచున్నది. కాని పనిని చిన్నచిన్న గుత్తలుగా విడదీసి పదిమందికొక మేస్త్రిని బెట్టిన తావున ఏబదికి మించిన లెక్క యెవరి పుస్తకమునకు నెక్కదు. 1969లో ఢిల్లీయందు గాంధీ శతజయంతి ప్రదర్శనము కొఱకు కట్టడములు లేచుచుండగా, అచ్చటి కూలీల బిడ్డలు దుమ్ములో పడియుండుట జూచి మీరా మహాదేవన్ ఒక డేరాలో శిశుశాల నారంభించెను. పనితోపాటు కదలు నా శాలలే తరువాత ‘మొబైల్ క్రెషస్’ అను సంస్థయైనవి. మహాత్ముని పేర జరుగు కట్టడమున కూలితల్లి బిడ్డకు నీడ లేకపోవుట ఆమెకు సహింపరానిదయ్యెను. ఆ దుమ్ము నేటికిని మహానగరములలో నణగలేదు.

మన జిల్లాకు ఈ విషయమున ఒక ప్రత్యేకత కలదు. గ్రామీణోపాధి పథకమును 2006 ఫిబ్రవరి 2వ తేదీన నాటి ప్రధానమంత్రి మన్మోహన్ సింగు ప్రారంభించినది అనంతపురము జిల్లాలోని బండ్లపల్లెలోనే. దానికి మూలమైన 2005 నాటి చట్టములో నొక చక్కని నియమము వ్రాయబడెను: పనిచోటికి ఆరేండ్లలోపు పిల్లలు ఐదుగురో అంతకు మించియో వచ్చినచో, వచ్చిన స్త్రీలలో నొకతెను వారిని జూచుటకు నియమించి ఆమెకును కూలి యీయవలెను. బిడ్డను జూచుటయు పనియే యని చట్టము ఒప్పుకొనుట సామాన్యవిషయము గాదు. ఆ నియమము కాగితము దాటి వచ్చిన తావులు మాత్రము స్వల్పము. గట్టు త్రవ్విన లెక్క మీటర్లలో కొలువవచ్చును. బిడ్డ నెత్తుకొన్న లెక్కను కొలుచు గొలుసు ఇంజనీర్ల యొద్ద లేదు. సరిహద్దు కావల కర్ణాటక ప్రభుత్వమువారు ఆ భావమునే కొంత ముందునకు గొనిపోయి, 2023లో 4,000 గ్రామపంచాయతీలలో ‘కూసిన మనె’ యను శిశుగృహములను దలపెట్టిరి. పని చేయువారిలోనుండియే కొందఱు స్త్రీలకు శిక్షణ యిచ్చి మూడేండ్లలోపు బిడ్డలను వారికి అప్పగించుట అందలి పద్ధతి. కూసు అనగా పసిబిడ్డ యని కుందుర్పివారికి మేము చెప్పనక్కఱలేదు.

ఇక భూస్వాములగు మన పాఠకులతో రెండు మాటలు. కూలి పెరిగినది, కాయకు ధర లేదు, ఈ భారమును మామీద వేయుదురా యని యందురు. రైతు కష్టమును మేమెఱుగుదుము. ఎండినది కూలివాని కడుపు మాత్రమే గాదు. అయినను లెక్క యొకసారి చూడవలెను. పదునైదుగురు స్త్రీలు చేనిలో నుండగా వారిలో నలుగురైదుగురు గడియగడియకు జోలియొద్దకు పరుగెత్తుచున్నారు. ఆ పదునైదుగురిలో వయస్సు మీఱి వంగలేని యొకామెను చెట్టుక్రింద కూర్చుండబెట్టి ఆమెకును కూలి యిచ్చినచో, పాలిచ్చు వేళలు దక్క తక్కినంతసేపును మిగిలినవారి చేతులు చేనిలోనే యుండును. ఒక కుండెడు నీరు, ఒక తాటాకు పందిరి, ఒక చాప: ఇంతకు మించిన సామగ్రి యక్కఱలేదు. ఏకాకిగా చేయలేని చిన్నరైతులు పక్కపక్క చేలవారు గూడి చేయవచ్చును. ఆ చెట్టుక్రిందికి చంకబిడ్డతో అక్క రాకుండ జూచు పని ఆ ముసలామె దగును. వచ్చినచో బిడ్డను దీసికొని దానిని బడికి పంపవలెను.

పంచాయతీ చేయదగినది వేఱొకటి కలదు. ఊరిలో ఖాళీగా నున్న గది యొకటి చూచి, కలుపు మాసములందును కాయ మాసములందును తెల్లవారి ఆరుగంటలకే తెఱచియుంచుట. రాబోవు అక్టోబరులో చెట్టు పీకుట మొదలగును. గది యేదో, కూర్చుండు నామె యెవరో అంతకుముందే గ్రామసభలో నిర్ణయించుకొనుటకు వ్యవధి యున్నది.