అటకెక్కిన డైవింగ్ బ్యాగు దించుతున్నారా?

పెళ్ళికి ముందు సరదాపడి స్కూబా డైవింగ్ నేర్చుకున్నారు. ముచ్చటపడి మాస్కు, ఫిన్స్, రెగ్యులేటరు, జాకెట్టు సొంతంగా కొనుక్కున్నారు. ఆ తర్వాత ఉద్యోగం, పిల్లలు, వాళ్ళ చదువులు... బ్యాగు కాస్తా అటకెక్కింది. ఇప్పుడు పిల్లలు కొంచెం ఎదిగారు. ఈ సెలవులకి అండమాన్ వెళ్దామనుకున్నారు. బ్యాగు దించి చూస్తే అన్నీ కొత్తవాటిలాగే ఉన్నాయి. 'వాడలేదుగా, ఏమవుతుందిలే' అనుకుంటున్నారా? సరిగ్గా అక్కడే పొరపాటు పడతాం.

కుక్కరు గాస్కెట్ ఏళ్ళ తరబడి వాడకుండా దాచి, ఇప్పుడు తీసి వేస్తే? గట్టిపడిపోయి ఆవిరి బయటికి పోతుంది. రబ్బరుకి వాడకమే కాదు, వయసు కూడా శత్రువే. కుక్కరు లీకైతే పప్పు ఉడకదు, అంతే. నీళ్ళలో రెగ్యులేటరు మొరాయిస్తే ఊపిరే అందదు!

ప్రాణమంతా రెగ్యులేటర్లోనే

వంటగ్యాస్ రెగ్యులేటరుకి ఇది దూరపు చుట్టమే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క కార్లను గ్యాస్‌తో నడిపేవారు. ఆ కార్ల కోసం చేసిన వాల్వును ఫ్రెంచి ఇంజనీరు ఎమిల్ గాన్యాన్, జాక్ కూస్తోతో కలిసి 1943 నాటికి డైవింగ్‌కి పనికొచ్చేలా మార్చారు.

నిండు సిలిండర్లో గాలి ఒత్తిడి దాదాపు 200 బార్లు. కారు టైరులో ఉండేదానికి ఇంచుమించు వంద రెట్లు. రెగ్యులేటరు మొదటి భాగం దీన్ని 10 బార్ల దరిదాపుకి తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో భాగం మనం పీల్చినప్పుడల్లా కావలసినంత గాలి ఇస్తుంది. ఈ పనంతా లోపలి చిన్న చిన్న రబ్బరు రింగులు, వాల్వుల మీదే ఆధారపడి ఉంది. సరిగ్గా కడగని ఉప్పు లోపల పేరుకుంటే పచ్చటి చిలుము పడుతుంది.

అందుకే దీన్ని ఇంట్లో విప్పకండి. కొబ్బరినూనె, మిషన్ నూనె అసలే వద్దు. రబ్బరు పాడవుతుంది, పైగా ఆ గాలి పీల్చాల్సింది మీరే. ఆ కంపెనీ రెగ్యులేటర్ల మీద శిక్షణ పొందిన టెక్నీషియన్‌కే ఇవ్వండి. మీ మోడల్‌కి సర్వీస్ కిట్ ఇంకా దొరుకుతోందా అని ముందే అడగండి. దొరక్కపోతే ఎంత ముద్దుగా కొనుక్కున్నదైనా పక్కన పెట్టేయడమే మంచిది. మార్చిన పాత భాగాలు చూపించమనండి. మొహమాటం వద్దు.

ఇంట్లో మీరు చేసుకోగలిగినవి

* గొట్టాలను మెల్లగా వంచి చూడండి. చివర్లలో పగుళ్ళు కనిపిస్తే మార్చాల్సిందే.
* జాకెట్టులో గాలి నింపి రాత్రంతా ఉంచండి. తెల్లారేసరికి మెత్తబడితే లీకున్నట్టే. గాలి నింపే బొత్తాం నొక్కితే మళ్ళీ పైకి రావాలి.
* సిలికాన్ మాస్కు కాస్త పసుపురంగుకి మారితే ఫర్వాలేదు. జిగటగా ఉన్నా, పగిలినా పనికిరాదు.
* ఫిన్స్ పట్టీలు లాగి చూడండి.
* డైవ్ కంప్యూటరుంటే బ్యాటరీతోపాటు దాని రబ్బరు రింగూ మార్పించండి.

సిలిండరు సంగతి

చాలామంది దీన్ని డైవింగ్ సెంటర్లోనే అద్దెకి తీసుకుంటారు. సొంతదైతే దాని భుజం మీద చెక్కిన పరీక్ష తేదీ చూడండి. గడువు దాటితే నీటి ఒత్తిడితో చేసే పరీక్ష అయ్యేదాకా గాలి నింపించకూడదు. 1980ల్లోనూ, అంతకుముందూ చేసిన కొన్ని అల్యూమినియం సిలిండర్లలో 6351 అనే మిశ్రమలోహం వాడారు. వాటి మెడ దగ్గర పగుళ్ళు వచ్చే ప్రమాదముంది. అంత పాతది చేతికొస్తే నిపుణులకి చూపించకుండా వాడొద్దు.

మరి మీ సర్వీసింగో?

సామాను సిద్ధమైంది. మీరో? పాత సర్టిఫికెట్ ఉంది కదా అని నేరుగా సముద్రంలోకి దిగకండి. ముందు డాక్టరు దగ్గర చెవులు, ఊపిరితిత్తులు, బీపీ చూపించుకోండి. గర్భిణులు డైవింగ్ చేయకూడదు. శిక్షకుల దగ్గర రిఫ్రెషర్ కోర్సు చేసి, సర్వీసు చేయించిన సామానుతో మొదట స్విమ్మింగ్‌పూల్‌లో దిగి చూసుకోండి. మాస్కులో నీళ్ళు తీసేయడం, జారిన రెగ్యులేటరు మళ్ళీ అందుకోవడం చేతికి గుర్తు రావాలి.

ఇన్నేళ్ళు ఆగారు. ఇంకో నెల ఆగితే సముద్రం ఎక్కడికీ పోదు!