మీకు తెలుసా?

‘అంకుశం’ సినిమాలో రౌడీల గుండెలదరగొట్టిన ఇన్‌స్పెక్టర్ గర్జన హీరోది కాదు! తెరమీద రాజశేఖర్, గొంతు మాత్రం సాయికుమార్‌ది.

కోడి రామకృష్ణ తీసిన ఆ 1989 సినిమాకు హాల్లో ఈలలు వేసినవాళ్లలో, జనగామ అయినా మానుకోట అయినా, ఈ సంగతి ఎందరికి తట్టి ఉంటుంది? ఆ ముఖానికి ఆ గొంతు అంతగా అతికిపోయింది.

అరువిచ్చిన గొంతుకు సొంత ఖాకీ దొరకడానికి మాత్రం 1996 దాకా ఆగాల్సొచ్చింది, అదీ కన్నడంలో. థ్రిల్లర్ మంజు తీసిన ‘పోలీస్ స్టోరీ’లో సాయికుమారే హీరో. తెలుగులోకి డబ్బింగై వచ్చాక అందులోని మూడు సింహాల డైలాగు ఊరూరా మోగింది.

‘అంకుశం’ విలన్ సంగతి ఇంకా తమాషా. ‘స్పాట్ పెడతా’ అంటూ వణికించిన రామిరెడ్డి నటుడిగా వచ్చినవాడు కాదు, పాత్రికేయుడు; అదే తొలి సినిమా. మరుసటి ఏడాదే ‘అంకుశం’ హిందీలో ‘ప్రతిబంధ్’ అయింది. హీరో మారి చిరంజీవి వచ్చారు, హిందీలో ఆయనకు అదే మొదటి సినిమా. విలన్ మాత్రం మారలేదు. అక్కడ రామిరెడ్డి పేరు స్పాట్ నానా!