ఛార్జింగ్ హెచ్చరిక మళ్లీ మళ్లీ వస్తుంటే...

హ్యుందాయ్, కియా సంస్థలు 2024 మార్చిలో అమెరికాలో సుమారు 1.47 లక్షల ఎలక్ట్రిక్ కార్లను మరమ్మతు కోసం వెనక్కి పిలిచాయి. ఆ ఏడాది గడవకముందే రెండోసారి పిలవాల్సి వచ్చింది. ఈసారి లెక్క 2 లక్షలు దాటింది. మొదటి విడతలో బాగుచేయించుకుని వెళ్లిన కార్లకూ మళ్లీ పిలుపు అందింది. రెండుసార్లూ కారణం ఒకటే: ఐసీసీయూ అనే ఛార్జింగ్ నియంత్రణ పరికరం.

ఈ వ్యవహారం మన దేశానికీ వచ్చింది. 2024 జూన్‌లో హ్యుందాయ్ 1,744 అయానిక్ 5 కార్లను, జూలైలో కియా 1,138 ఈవీ6 కార్లను ఇదే లోపంపై వెనక్కి పిలిచాయి. 2025 ఫిబ్రవరిలో కియా మరోసారి 1,380 ఈవీ6 కార్లకు పిలుపునిచ్చింది. తయారుచేసిన సంస్థలే ఒక లోపం మీద రెండుసార్లు పనిచేయాల్సి వచ్చిందంటే, ఛార్జింగ్ హెచ్చరికను ఒక్క బటన్ నొక్కి చెరిపేస్తే సరిపోదని అర్థమవుతుంది.

ఐసీసీయూకి ముఖ్యంగా రెండు పనులు. గోడ ప్లగ్ నుంచి వచ్చే ఏసీ కరెంటును డీసీగా మార్చి పెద్ద బ్యాటరీకి ఎక్కించడం మొదటిది. ఆ పెద్ద బ్యాటరీ నుంచి కొంత కరెంటు తీసుకుని, వోల్టేజీ తగ్గించి, చిన్న 12 వోల్టుల బ్యాటరీని నింపడం రెండోది. లైట్లు, తాళాలు, కంప్యూటర్లు, పెద్ద బ్యాటరీని మోటారుకు కలిపే స్విచ్‌లు అన్నీ ఈ చిన్న బ్యాటరీ మీదే నడుస్తాయి. ఐసీసీయూ దెబ్బతింటే ఈ రెండో పని ఆగిపోతుంది. తెరపై హెచ్చరిక వస్తుంది, కారు వేగం తగ్గుతూ పోతుంది, చివరికి నిలిచిపోతుంది. పెద్ద బ్యాటరీలో సగం ఛార్జింగ్ మిగిలి ఉన్నా లాభం లేదు.

అయితే హెచ్చరిక వచ్చిన ప్రతిసారీ తప్పు కారుదే కాదు. చాలాసార్లు అది గోడలోనే ఉంటుంది.

ఛార్జర్ ప్లగ్ పెట్టగానే కరెంటు పారదు. ముందు కారూ ఛార్జరూ మాట్లాడుకుంటాయి. మన దగ్గర ఎక్కువగా కనిపించే టైప్ 2 ప్లగ్‌లో ఏడు పిన్నులుంటాయి. వాటిలో రెండు కేవలం ఈ సంభాషణ కోసమే. ఎన్ని ఆంపియర్లు ఇవ్వగలదో ఛార్జర్ సంకేతం పంపుతుంది, సిద్ధమని కారు బదులిస్తుంది. ఎర్తింగ్ ఉందో లేదో చాలా ఛార్జర్లు ఆలోపే చూసుకుంటాయి. ఎక్కడ తేడా వచ్చినా సరఫరా ఆగి, హెచ్చరిక వెలుగుతుంది.

కాబట్టి మొదట చూడాల్సింది బానెట్ కింద కాదు, హెచ్చరిక ఎప్పుడు, ఎక్కడ వస్తోందన్న దానిలో. ఇంట్లోనే వచ్చి, మరోచోట ఏసీ ఛార్జర్‌కి పెడితే రాకపోతే వైరింగ్‌ని అనుమానించాలి. ఎక్కడ ఏసీకి పెట్టినా వచ్చి, హైవే పక్కన డీసీ ఫాస్ట్ ఛార్జర్ దగ్గర రాకపోతే కారులో ఏసీని డీసీగా మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్ మీదికి చూపు వెళ్లాలి. ఫాస్ట్ ఛార్జర్ దాన్ని తప్పించి నేరుగా బ్యాటరీకి డీసీ పంపుతుంది మరి. రెండుచోట్లా వస్తే ఛార్జింగ్ పోర్టు, దాని లాక్, 12 వోల్టుల బ్యాటరీ, హైవోల్టేజీ వ్యవస్థ వరుసగా పరీక్షకు రావాలి. వాన పడ్డ రోజుల్లోనే వస్తుంటే పోర్టులోకో కనెక్టర్లలోకో తేమ చేరుతోందేమో చూడాలి.

ఇంటి వైరింగ్‌లో మొదటి ముద్దాయి ఎర్తింగ్. ఫేజ్‌కీ న్యూట్రల్‌కీ మధ్య 230 వోల్టుల ప్రాంతంలో ఉంటే, ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య కూడా దాదాపు అంతే చూపాలి. న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య కొద్ది వోల్టులకు మించకూడదు. ఎండాకాలంలో ఎర్త్ గుంత ఎండిపోతే ఈ లెక్క తప్పుతుంది. ఛార్జర్ ఎర్ర లైటు చూపిస్తోందని కొందరు సాకెట్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్ పిన్నుకి కలిపేస్తారు. లైటు ఆరిపోతుంది, ప్రమాదం మొదలవుతుంది. ఎప్పుడైనా న్యూట్రల్ తెగితే కారు బాడీకే కరెంటు వస్తుంది. ఎవరు సలహా ఇచ్చినా ఈ పని చేయనివ్వకూడదు.

తర్వాత సాకెట్. గీజర్ అరగంట నడిచి ఆగుతుంది. కారు రాత్రంతా అదే 15 ఆంపియర్ల ప్లగ్ నుంచి లాగుతూనే ఉంటుంది. పిన్ను కాస్త వదులైనా వేడెక్కుతుంది, ప్లాస్టిక్ గోధుమరంగుకి తిరుగుతుంది. ఎక్స్‌టెన్షన్ బాక్స్ వాడితే వోల్టేజీ ఇంకా పడిపోతుంది. తప్పు ఇక్కడే ఉందా అని తేల్చడానికి తేలికైన పరీక్ష ఉంది. కారులో గానీ ఛార్జర్‌లో గానీ కరెంటు తగ్గించే సదుపాయం ఉంటే 8 లేదా 10 ఆంపియర్లకు దించి చూడాలి. హెచ్చరిక రావడం మానేస్తే లోపం వైరింగ్‌లోనో, సాకెట్‌లోనో ఉండే అవకాశం ఎక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో మీటర్ నుంచి దూరంగా లాగిన సన్నని వైరు ఇలాగే బయటపడుతుంది.

చిన్న బ్యాటరీని మల్టీమీటర్‌తో చూడవచ్చు. కారు ఆపి కొన్ని గంటలైతే ఆరోగ్యంగా ఉన్న 12 వోల్టుల లెడ్ బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. కారు ఆన్ చేశాక అది 13 దాటి, చాలా కార్లలో 14 దరిదాపులకు చేరాలి. పెరగకపోతే దాన్ని నింపే కన్వర్టర్ పనిచేయడం లేదేమోనని అనుమానించాలి.

యజమాని చేయగల పరిశీలన అక్కడితో ఆగాలి. నారింజరంగు కేబుళ్లలో వందల వోల్టులుంటాయి, వాటిని శిక్షణ పొందిన టెక్నీషియన్లే ముట్టుకోవాలి. సర్వీస్ సెంటర్‌లో మాత్రం కొన్ని అడగడం కారు యజమాని హక్కు. కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపం కోడ్‌ను చెరిపేముందు దాని ప్రింట్ తీసుకోవాలి. ఉదాహరణకు పీ0ఏఏ6 అని ఉంటే హైవోల్టేజీ వైపు ఇన్సులేషన్ లోపం. చెరిపేశాక ఆ ఆనవాలు దొరకకపోవచ్చు. కారు చాసిస్ నంబరు మీద రీకాల్ ఏదైనా పెండింగ్‌లో ఉందా, సాఫ్ట్‌వేర్ ఎప్పుడు అప్‌డేట్ చేశారు అన్నవీ జాబ్‌కార్డులో రాయించాలి.

హెచ్చరిక కనిపించిన ప్రతిసారీ ఫోన్‌తో ఫొటో తీయండి. ఏ ఛార్జర్, ఎంత కరెంటు, ఎంత శాతం, వాన ఉందా అన్నది పక్కనే రాసుకోండి. వారంటీ గడువు ముగిసేలోపు ఆ వివరాలతో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు దగ్గర పెట్టుకోండి.