మీకు తెలుసా? ఇంజన్ మిస్సింగ్‌ను నీటి చుక్క పట్టిస్తుంది

దోసె పెనం కాలిందో లేదో చూడాలంటే నాలుగు నీటి చుక్కలు చిలకరిస్తాం. చుయ్‌మంటే కాలినట్టు, ఊరికే నిలిస్తే ఇంకా కాలనట్టు. మిస్సింగ్ కొడుతున్న పెట్రోలు ఇంజన్‌లో ఏ సిలిండర్ మండటం లేదో పట్టుకోవడానికి పాత మెకానిక్కులు చేసే పని కూడా ఇదే. రాత్రంతా చల్లారిన బండిని పొద్దున్నే స్టార్ట్ చేసి, ఒక్క నిమిషం ఆగి, ఇంజన్ నుంచి సైలెన్సర్ వైపు దిగే ఒక్కో గొట్టం మొదట్లో ఒక్కో చుక్క వేస్తారు. మండుతున్న సిలిండర్ల గొట్టాల మీద చుక్క చిటపటలాడి ఎగిరిపోతుంది. మండని దాని మీద అలాగే కూర్చుంటుంది, లేదా మెల్లగా కిందికి జారుతుంది. గొట్టాలు పైకి కనిపించే పాత బండ్లకే ఈ పరీక్ష కుదురుతుంది. ఇప్పటి కార్లలో చాలావాటికి అక్కడ రేకు తొడుగు ఉంటుంది, కొన్నింటిలో ఆ గొట్టాలు ఇంజన్ హెడ్‌లోనే కలిసిపోయి ఉంటాయి. చేత్తో తాకి మాత్రం చూడకండి. ఒక్క నిమిషానికే చర్మం ఊడేంత వేడెక్కుతాయవి.

ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరుగుతూ ఐడ్లింగ్‌లో ఉందనుకుందాం. ఫోర్ స్ట్రోక్ ఇంజన్‌లో ప్రతి సిలిండరూ రెండు చుట్లకొకసారి మండుతుంది. అంటే నాలుగు సిలిండర్లూ కలిపి నిమిషానికి 1600 సార్లు. ఒకటి ఆగిపోతే అందులో 400 తోపులు తగ్గిపోతాయి. స్టీరింగ్ వణకడం, సీటు అదరడం, సైలెన్సర్ దగ్గర ‘టప్ టప్’మని వరస తప్పిన చప్పుడు రావడం, అన్నీ ఆ లోటువల్లే. నాలుగు సిలిండర్ల ఇంజన్లలో ఎక్కువ భాగం 1-3-4-2 వరసలో మండుతాయి.

మరి కారులోని కంప్యూటర్‌కు మిస్సింగ్ సంగతి ఎలా తెలుస్తుంది? దానికి మంటను చూసే కన్నేమీ లేదు. క్రాంక్ షాఫ్టుకు ఒక పళ్ల చక్రం బిగించి ఉంటుంది. చాలా కార్లలో అరవై పళ్లకు చోటుండి, గుర్తు కోసం రెండు పళ్లు వదిలేసి, 58 పళ్లుంటాయి. ఒక్కో పన్ను సెన్సర్ ముందు నుంచి దాటడానికి ఎంతసేపు పట్టిందో కంప్యూటర్ లెక్కపెడుతూనే ఉంటుంది. సిలిండర్ మండితే చక్రం ఆ క్షణాన కాస్త వేగం పుంజుకుంటుంది, మండకపోతే కాస్త వెనకబడుతుంది. ఆ వెనకబాటు మండే వరసలో ఎవరి వంతులో వచ్చిందో చూసి సిలిండర్ నంబరు రాసిపెట్టుకుంటుంది. గుంతల రోడ్డు మీద చక్రాల కుదుపు కూడా షాఫ్టుదాకా పాకి మిస్సింగ్‌లాగే కనిపిస్తుంది. అందుకే అలాంటి రోడ్డు మీద ఈ లెక్కను కాసేపు ఆపే ఏర్పాటు చాలా కార్లలో ఉంటుంది.

అలా రాసుకున్న నంబరును మనమూ చదవచ్చు. స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో చిన్న ఓబీడీ స్కానర్ పెట్టి ఫోన్‌కు కలిపితే కోడ్ వస్తుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0302 అంటే రెండోది, అలా వరసగా. పీ0300 అంటే ఒకటని కాదు, అక్కడక్కడా మిస్ అవుతున్నాయని అర్థం. అమెరికాలో 1996 మోడల్ నుంచి అమ్మే కార్లన్నిటికీ ఈ పద్ధతి తప్పనిసరి చేశారు. అందుకే ఈ కోడ్లకు అన్ని కంపెనీల కార్లలోనూ ఒకటే అర్థం. ఒకటో సిలిండర్ మామూలుగా టైమింగ్ చైన్ లేదా బెల్టు ఉన్న వైపు ఉంటుంది. కొన్ని కార్లలో గేర్‌బాక్సు వైపు నుంచి లెక్క మొదలవుతుంది కాబట్టి మీ బండి పుస్తకం చూసి ఖాయం చేసుకోండి.

పోయిన వానాకాలం మా బావమరిది ఫోన్ చేశాడు. “బావా, ఫ్లైఓవర్ ఎక్కుతుంటే బండి ఆగి ఆగి లాగుతోంది. దిగేటప్పుడు ఏమీ లేదు. గ్యారేజీలో ప్లగ్గులు నాలుగూ మార్చారు, అయినా అంతే. ఇప్పుడు కాయిల్స్ నాలుగూ మార్చాలంటున్నారు.” ఆదివారం పొద్దున్నే తీసుకురమ్మన్నాను. స్కానర్ పెడితే పీ0302. ఇంజన్ చల్లగా ఉంది, తాళం తీసేశాం. రెండో సిలిండర్ మీద, ప్లగ్గుకు రవ్వ అందించే కాయిల్ విప్పి మూడో దాని మీద పెట్టాం, మూడో దాన్ని రెండో దాని మీద. ఒక్కో కాయిల్‌కు ఒక్కటే పది నంబర్ బోల్టు. వైరు కనెక్టర్ లాక్ మాత్రం వేడికి పెళుసుబారి ఉంటుంది, నిదానంగా నొక్కి తీయాలి. కోడ్ చెరిపేసి అదే ఫ్లైఓవర్ రెండుసార్లు ఎక్కి దిగి వచ్చాం. ఈసారి పీ0303. జబ్బు కాయిల్‌తోపాటే జరిగింది!

ఆ కాయిల్ కింది రబ్బరు గొట్టాన్ని ఎండలోకి పట్టుకుని తిప్పి చూస్తే, ఒకవైపు పైనుంచి కిందిదాకా వెంట్రుకంత సన్నటి బూడిదరంగు గీత కనిపించింది. నిప్పురవ్వ ప్లగ్గు కొసకు పోకుండా ఆ దారిన పక్కనున్న ఇనుములోకి కారిపోతోందన్నమాట. నాలుగు కాయిల్స్ కొనాల్సిన చోట ఒక్కటి కొన్నాం. ఇలాంటి గీత ప్లగ్గు పింగాణీ మీద కూడా పడి ఉంటే ఆ ప్లగ్గునూ మార్చాలి, లేకపోతే కొత్త రబ్బరునూ అది పాడుచేస్తుంది. కాయిల్స్ అటూ ఇటూ మార్చినా కోడ్ కదలకపోతే తర్వాత ప్లగ్గులను అలాగే మార్చి చూడాలి, ఆ తర్వాత ఇంజెక్టర్లు. ఒక్కసారికి ఒక్కటే మార్చాలి. రెండు కలిపి మారిస్తే ఏది నయం చేసిందో తేలదు. ఏ సిలిండరో తేలకముందే సామాను కొనడమే ఈ మొత్తం వ్యవహారంలో నాకు బాధ కలిగించేది. మిస్సింగ్ అనగానే నాలుగు ప్లగ్గులు, నాలుగు కాయిల్స్ అంటూ నెల జీతంలోంచి డబ్బు తీసిచ్చేవాళ్లను చాలామందిని చూశాను.

ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడే ఎందుకు? మామూలు రోడ్డు మీద ఎందుకు రాలేదు? గాలి ఒత్తిడి పెరిగేకొద్దీ దాన్ని చీల్చుకుని రవ్వ దూకడానికి మరింత వోల్టేజీ కావాలని 1889లోనే ఫ్రీడ్రిష్ పాషెన్ అనే జర్మన్ భౌతిక శాస్త్రవేత్త ప్రయోగాలతో చూపించాడు. యాక్సిలరేటర్ గట్టిగా తొక్కినప్పుడు సిలిండర్‌లోకి ఎక్కువ గాలి వెళ్తుంది, పిస్టన్ దాన్ని నొక్కినప్పుడు ఒత్తిడి ఇంకా పెరుగుతుంది. బలహీనపడిన కాయిల్ ఐడ్లింగ్‌లో నెట్టుకొస్తుంది, శ్రీశైలం ఘాట్‌లో చేతులెత్తేస్తుంది. సీఎన్‌జీకి పెట్రోలుకన్నా బలమైన రవ్వ కావాలి. కాబట్టి గ్యాస్ మీద మిస్సై, పెట్రోలుకు మార్చగానే సర్దుకుంటే ముందు ప్లగ్గులను, కాయిల్స్‌ను అనుమానించండి.

ప్లగ్గు విప్పి, ఇంజన్‌కు ఆనించి, సెల్ఫ్ కొట్టి ‘రవ్వ వస్తోంది, కాయిల్ బాగుంది’ అనడం మన దగ్గర బాగా అలవాటు. పై లెక్కతో చూస్తే ఆ పరీక్ష సగమే. బయటి గాలిలో దూకిన రవ్వ లోపలి ఒత్తిడిలో దూకుతుందన్న హామీ లేదు. పైగా తెరిచిన ప్లగ్గు రంధ్రంలోంచి పెట్రోలు ఆవిరి చిమ్ముతుంటే పక్కనే నిప్పు పుట్టించడం ప్రమాదం. పన్నెండు వోల్టుల బ్యాటరీ కరెంటును కాయిల్ ఇరవై వేల వోల్టులు దాటిస్తుంది. ఇంజన్ ఆడుతుండగా ప్లగ్గు వైరును చేత్తో లాగకండి. గుండెకు పేస్‌మేకర్ ఉన్నవాళ్లు ఈ పనికి దూరంగా ఉండాలి.

ప్లగ్గు తెల్లటి భాగాన్ని పింగాణీ అంటాం గానీ అది అల్యూమినా. కెంపులు, నీలాలు కూడా రసాయనికంగా అదే పదార్థం. దాని మీద బయటివైపు, ఇనుప భాగానికి ఆనుకుని గోధుమరంగు వలయం కనిపిస్తే కంగారు పడొద్దు. అధిక వోల్టేజీ చుట్టూ గాలిలోని నూనె తుంపరలు అతుక్కోవడంవల్ల వచ్చే మరక అది, లీకేజీ కాదు.

ప్లగ్గులు విప్పేవాళ్లు గుడ్ల అట్ట ఒకటి దగ్గర పెట్టుకోండి. గుంటల పక్కన 1, 2, 3, 4 అని రాసి, తీసిన ప్లగ్గును తీసినట్టే అందులో నిలబెట్టాలి. కొస బిస్కెట్ రంగులో ఉంటే ఆ సిలిండర్ ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువవుతోంది. జిడ్డుగా నల్లగా ఉంటే ఇంజన్ ఆయిల్ పైకొస్తోంది. పెట్రోలుతో తడిసి వాసనేస్తుంటే రవ్వ అందడం లేదు. తెల్లగా పొక్కినట్టుంటే వేడి మితిమీరుతోంది. విప్పడానికి ముందు ప్లగ్గు గుంతలోని దుమ్మును గాలితో ఊదేయాలి, లేకపోతే ఇసుక రేణువులు నేరుగా సిలిండర్‌లో పడతాయి. హెడ్ అల్యూమినియం కాబట్టి వేడి మీద విప్పితే మరలు ఊడొస్తాయి. తిరిగి పెట్టేటప్పుడు పాత రబ్బరు గొట్టం ముక్కను ప్లగ్గు వెనక తొడిగి వేళ్లతో తిప్పండి. మర వంకరగా పట్టుకుంటే గొట్టమే జారిపోతుంది, హెడ్ బతుకుతుంది. చేతికి బిగిశాక, వాషర్ ఉండే కారు కొత్త ప్లగ్గుకు స్పానర్‌తో దాదాపు అర చుట్టు చాలు.

చెక్ ఇంజన్ లైటు నిలకడగా వెలగడం వేరు, ఆరుతూ వెలుగుతూ ఉండటం వేరు. నిలకడగా ఉంటే నిదానంగా ఇంటికి చేరవచ్చు. మినుకుమినుకుమంటుంటే యాక్సిలరేటర్ వదిలి, వీలైనంత త్వరగా పక్కకు ఆపాలి. మండని పెట్రోలు సైలెన్సర్ దారిలోని కేటలిటిక్ కన్వర్టర్‌లోకి పోయి అక్కడ మండుతోందని దాని అర్థం. లోపలి పింగాణీ తేనెపట్టు కరిగి ముద్దయ్యేంత వేడి పుడుతుంది. ఆ పట్టుకు పూత పూసింది ప్లాటినం, పల్లాడియం, రోడియంతో. నాలుగు ప్లగ్గుల ఖర్చు దాని ముందు ఏపాటి? అలాంటి బండిని ఎండుగడ్డి మీద అసలు ఆపకండి.

మండని సిలిండర్ నుంచి వాడని ఆక్సిజన్ కూడా బయటికి వస్తుంది. దాన్ని చూసి ఆక్సిజన్ సెన్సర్ ‘పెట్రోలు తక్కువైంది’ అని తప్పు కబురు పంపుతుంది, కంప్యూటర్ ఇంకాస్త పెట్రోలు పోయిస్తుంది. మైలేజీ పడిపోయేది ఇందుకే. సెన్సర్ కోడ్ కనిపించింది కదా అని ముందు సెన్సర్ మార్చేయకండి.

ఐడ్లింగ్‌లో మిస్సై, వేగం పెంచగానే సర్దుకుంటే ఏదో గాలి గొట్టం చీలి ఉండవచ్చు. ఒక రబ్బరు పైపు కొస చెవి దగ్గర పెట్టుకుని, రెండో కొసను గొట్టాల వెంట తిప్పితే ‘స్స్’మనే చోటు దొరుకుతుంది. ఫ్యానుకు, బెల్టుకు చెయ్యి, చున్నీ, జుట్టు తగలకుండా చూసుకోండి. వారం రోజులు కదలని బండి అయితే ఎలుకలు వైర్లు కొరికాయేమో ముందు చూడాలి.

ఇప్పటి పెట్రోలులో ఇరవై శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. ట్యాంకులోకి నీళ్లు ఎక్కువగా చేరితే ఇథనాల్ ఆ నీటితో కలిసి అడుగున వేరే పొరగా దిగుతుంది, ఇంజన్‌కు ముందు వెళ్లేది ఆ పొరే. కాస్త పెట్రోలు గాజుసీసాలో తీసి, మూతపెట్టి, నిప్పుకు దూరంగా కాసేపు కదపకుండా ఉంచితే రెండు పొరలూ కంటికి కనిపిస్తాయి.

2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో బండ్లు నీటిలో మునిగాయి. మునిగిన ఇంజన్ మిస్సింగ్ కేసు కాదు. సెల్ఫ్ కొట్టారంటే సిలిండర్‌లోని నీరు నలగక కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ముందు బ్యాటరీ వైరు తీసేసి, బండిని లారీ మీద ఎక్కించి పంపాలి.

కాయిల్, ప్లగ్గు, ఇంజెక్టర్ అన్నీ మార్చి చూసినా కోడ్ అదే సిలిండర్ దగ్గర నిలబడితే కంప్రెషన్ గేజి పెట్టించాలి. రీడింగ్ తక్కువొచ్చిన సిలిండర్‌లో ఒక చెంచా ఇంజన్ ఆయిల్ పోసి మళ్లీ చూస్తారు. పెరిగితే రింగులు అరిగినట్టు, పెరగకపోతే ఎక్కువసార్లు వాల్వుల తప్పు. ఇంటి దగ్గర చేయగలిగింది ఇంతవరకే. ఏ సిలిండరో, ఏ రోజు ఏది మార్చి చూశారో, కోడ్ ఎక్కడి నుంచి ఎక్కడికి కదిలిందో కాగితం మీద రాసి మెకానిక్ చేతికివ్వండి. హెడ్ విప్పేముందు ఆయన చదవాల్సింది అదే.