మూసీకి వేసిన కళ్లెము

వేసవి దినములలో పురానాపూలుమీద నిలిచి క్రిందికి చూచువారికి మూసీ ఒక నది యని నమ్మకము కలుగుట కష్టము. ఈ సన్నని ధారను దాటుటకు 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా అంతటి రాతివంతెన ఏల కట్టించినాడని ఎవరికైనను సందేహము పుట్టును. ఆ సందేహమునకు మూసీయే 1908 సెప్టెంబరు 28వ తేదీన సమాధానము చెప్పినది.

శంషాబాదులో 24 గంటలలో 12.8 అంగుళముల వాన కురిసినది. 48 గంటల లెక్క 18.9 అంగుళములు. తెల్లవారుసరికి నది నగరములోనికి వచ్చినది. అఫ్జల్‌గంజి, ముసల్లంజంగు, చాదర్‌ఘాటు వంతెనలు కొట్టుకొనిపోయినవి. పాతవంతెన మాత్రము దెబ్బతినియు నిలిచినది. సుమారు 15,000 మంది మరణించిరని, 19,000 ఇండ్లు కూలినవని సాధారణముగా చెప్పెడి లెక్క. అఫ్జల్‌గంజి ఉద్యానములోని ఒక చింతచెట్టు కొమ్మలను పట్టుకొని నూట ఏబదిమంది ప్రాణములు దక్కించుకొన్నారట. ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఆ చెట్టు నేటికిని ఉన్నది. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ స్వయముగా గట్టునకు వచ్చి నదికి హారతి యిచ్చి శాంతింపజేసినాడని జనులు కథగా చెప్పుకొందురు.

హారతి మనస్సునకు ఊరట. నీటి లెక్క వేరు. ఆ లెక్క వేయుటకు ప్రభుత్వము మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారిని పిలిపించినది. బొంబాయి ప్రభుత్వపు కొలువు విడిచి ఐరోపాలో పర్యటించుచున్న ఆయన 1909 ఏప్రిలులో హైదరాబాదు చేరి, అక్టోబరుకు నివేదిక సమర్పించినారు. ఆయన ముందుగా చూచినది నగరమును కాదు, దానికి ఎగువనున్న భూమిని. మూసీ పరీవాహక ప్రాంతములో 788 చెరువులున్నవి. వానిలో 221 తెగినవి. ఈ రెండు అంకెలలోనే ఆ విపత్తు రహస్యము చాలవరకు ఉన్నది. మన చెరువులు గొలుసుకట్టుగా నుండును. పైచెరువు అలుగుపారిన నీరు క్రింది చెరువులోనికి వచ్చును. మామూలు వానలకు ఇంతకంటె చక్కని ఏర్పాటు లేదు. కాని పైకట్ట తెగిన నాడు ఆ చెరువు నీరంతయు ఒక్కమారుగా క్రింది కట్టమీద పడును. దాని అలుగు అంత నీటికి కట్టినది కాదు. ఆ కట్టయు తెగును. రెండు చెరువుల నీరు మూడవదానిమీద పడును. నగరము చేరునప్పటికి ఆ ప్రవాహము సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని అంచనా వేసినారు.

నగరములో గోడలెత్తి ఇంతటి నీటిని ఆపుట కాని పని. కాబట్టి ఎగువననే పట్టి నిలిపి మెల్లగా విడువవలెనని ఆయన నిర్ణయించినారు. మూసీమీద ఒకటి, దాని ఉపనది ఈసీమీద ఒకటి, రెండు జలాశయములు. 1911లో మహబూబ్ అలీఖాన్ గతించినాడు, పని ఆగలేదు. ఉస్మాన్‌సాగరు 1920లోను, హిమాయత్‌సాగరు 1927లోను పూర్తియైనవి. వరద వచ్చిన పందొమ్మిది ఏండ్లకుకూడ ఖజానా తలుపు మూతపడలేదన్నమాట! అది మన దేశములో తరచుగా కనబడెడి దృశ్యము కాదు.

ఆ జలాశయములే నగరమునకు త్రాగునీటి నిచ్చినవి. చిక్కంతయు ఇక్కడనే. వరదను పట్టవలసిన పాత్ర ఖాళీగా నుండవలెను. దాహము తీర్చవలసిన పాత్ర నిండుగా నుండవలెను. సెప్టెంబరు మాసాంతమున, వానకాలము ముగియబోవు వేళ, నిండిన జలాశయమును ఖాళీ చేయుమని ఏ అధికారి సాహసించి చెప్పగలడు? మరల వాన రాకున్న నింద అతనిదే. వచ్చి తలుపులు ఒక్కసారిగా ఎత్తవలసి వచ్చినను నింద అతనిదే. కృష్ణ, గోదావరి నీరు నగరమునకు వచ్చిన తరువాత ఈ ఇరకాటము సడలవలసినది. కాని జరిగినది వేరు. జలాశయములకు పది కిలోమీటర్ల మేర పెద్ద కట్టడములను నిషేధించుచు 1996లో వెలువడిన 111వ సంఖ్య ఉత్తరువు ఇక అనవసరమను వాదము బలపడినది. 2022లో ఆ ఆంక్షలను తొలగించుచు మరొక ఉత్తరువు వచ్చినది. త్రాగునీటి అవసరము తీరినంతమాత్రమున వరద అవసరముకూడ తీరినట్లు తలచుట విచిత్రము. ఆ కట్టలను మొట్టమొదట కోరినది దాహము కాదు, వరద.

విశ్వేశ్వరయ్యగారి లెక్కలో లేని సంగతి మరొకటి కలదు. ఆయన ఎదుర్కొన్న వాన ఎగువన కురిసినది. 2000 ఆగస్టులో నగరముమీదనే ఒక దినములో 24 సెంటీమీటర్లు కురిసినది. 2020 అక్టోబరులో ఘట్‌కేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లు దాటినది. ఘట్‌కేసరు జలాశయములకు దిగువన నున్నది. అక్కడ పడిన చినుకును గండిపేట కట్ట ఆపలేదు. గాలి ఉష్ణత ఒక డిగ్రీ పెరిగినచో అది మోయగల ఆవిరి సుమారు 7 శాతము పెరుగునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. అనగా కొద్ది గంటలలో కుండపోతగా కురిసెడి వానలు అధికమగును. అట్టి వానను పట్టుటకు నగరములోపలి చెరువులు, నాలాలు తప్ప వేరు సాధనము లేదు. చెరువులను ఆక్రమణలనుండి కాపాడుటకు 2024లో ప్రభుత్వము హైడ్రా అను సంస్థను నెలకొల్పినది. కాని చెరువుశిఖములో ఇల్లు కొన్న సామాన్యునికి అది శిఖమని ఎవరును చెప్పలేదు; అనుమతి కాగితముమీద ప్రభుత్వపు ముద్రయే యున్నది. ఇల్లు పోయినవానికి ఆ ముద్ర వేసిన చేయి ఏమి చెప్పును?

2025 సెప్టెంబరు 26వ తేదీ రాత్రి జంట జలాశయముల తలుపులెత్తినారు. నదీగర్భముననే కట్టిన మహాత్మాగాంధీ బస్సుస్టేషనులోనికి నీరు వచ్చినది. ఊళ్లకు పోవలసిన ప్రయాణికులు సామానులతో చిక్కుకొనిపోగా, వారిని తెల్లవారులోగా బయటకు చేర్చవలసి వచ్చినది. 1908 నాటి వరద తేదీకి ఇంకను రెండు దినములున్నవి.